నీటిలోని గార – ఆలుచిప్ప తెలిపిన ఉపాయము



తెలుగు సంఘముల వేదికలపై కావ్యములను గూర్చియు, సంగీతమును గూర్చియు ప్రసంగములు జరుగుట వాడుక. బాయిలరు గొట్టములలో పేరుకొను గారను గూర్చి ప్రసంగమేమని కొందఱకు తోపవచ్చును. కాని ఈ సభయందు రైల్వేలలో పనిచేసినవారు కలరు. విద్యుత్కేంద్రముల లెక్కలు చూచువారు కలరు. టెండరు కాగితములపై సంతకములు చేయువారును కలరు. వీరందఱి యిండ్లలోను గీజరు కలదు. రెండేండ్లు వాడిన గీజరును విప్పించి చూచినవారికి గార యేమో వేఱుగా చెప్పవలసిన పనిలేదు.

తెలుగున ‘గార’ యను మాట చిత్రమైనది. గోడకు పూయు సున్నపు పూతయు గారయే. పండ్లకు పట్టునదియు గారయే. మొదటిది గట్టిపడి కాల్షియము కార్బొనేటగును. రెండవదానిలో ముఖ్యభాగము కాల్షియము ఫాస్ఫేటు. కర్మాగారములలో నీరు ప్రవహించు గొట్టముల లోపల పేరుకొను రాతిపొరలో తఱచుగా కనబడునవి ఈ రెండే. వీనికి తోడు జిప్సము, మెగ్నీషియము లవణములు, సిలికా. కావున ఈ పొరకు గార యని పేరిడుటకు శాస్త్రజ్ఞుల అనుమతి యక్కఱలేదు.

ఇది యెట్లు పుట్టునో ముందు చూడవలెను. వాననీరు నేలలోనికి దిగునప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొనును. ఆ స్వల్పమైన పులుపుతో సున్నపురాతిని కరగించి, బైకార్బొనేటు రూపమున మోసికొనిపోవును. అట్టి నీటినే కఠినజలమందురు. ఆ నీటిలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురుగు కట్టదు. (కుంకుడుకాయ మాత్రము కట్టును, దాని నురుగునకు కారణమైన పదార్థము కాల్షియముతో కలిసి తెట్టెకట్టదు. పెద్దలు కుంకుళ్ళను విడువకుండుటకు ఇదియు నొక కారణము.) ఈ నీటినుండి బొగ్గుపులుసు వాయువు తప్పించుకొన్నచో కరగిన సున్నపురాయి మరల రాయియై బయటపడును. విశాఖ కొండలలోని బొర్రా గుహలలో పైనుండి వ్రేలాడు రాతి ఊడలను, క్రిందినుండి పెరిగిన రాతి లింగములను ఈ చర్యయే వేల యేండ్లలో నిర్మించినది. గుహలో బొట్టుబొట్టుగా జరుగు పని బాయిలరులో కొలది వారములలో జరుగును. మంట ఆ వాయువును తఱిమివేయుటయే దీనికి కారణము. పైగా చక్కెర, ఉప్పు వంటివి వేడినీటిలో ఎక్కువగా కరగుచుండగా, కాల్షియము కార్బొనేటు వేడియెక్కినకొలది తక్కువగా కరగును. అందుచేత గొట్టములో ఏ తావు మిక్కిలి వేడిగా నుండునో సరిగా ఆ తావుననే, అనగా వేడి లోపలికి పోవలసిన చోటనే, గార పట్టును.

గార పట్టిన లోహమునకు రెండు కీడులు. ఉక్కుతో పోల్చినచో సున్నపు గార వేడిని ఇరువదవ వంతుకూడ సరిగా పోనీయదు. కావున అదే ఆవిరికి బొగ్గు ఎక్కువ కాలవలెను. ఇది డబ్బు నష్టము. రెండవది ప్రాణనష్టము. గొట్టమునకు ఒకవైపు మంట, వేఱొకవైపు నీరు ఉన్నంతవఱకు నీరు లోహమును కాపాడుచుండును. మధ్య గార చేరినచో ఆ కాపుదల పోయి, లోహము ఎఱ్ఱబడి, మెత్తబడి, లోపలి ఒత్తిడికి ఉబ్బి పగులును. కలకత్తాలో 1863లో ఒక బాయిలరు ప్రేలి పలువురు మరణించిరి. ఆ మఱుసటి యేట బంగాళా శాసనసభలో బాయిలర్ల తనిఖీకి చట్టము వచ్చినది. దేశమంతటికిని ఒకే చట్టము 1923లో ఏర్పడినది. దాని స్థానమున 2025లో క్రొత్త బాయిలర్ల చట్టము వచ్చినది. బాయిలరు ప్రేలుటకు కారణములు పెక్కు. గార వానిలో నొకటి. కాని తక్కిన కారణములవలె అది తనిఖీదారుని కంటికి పైనుండి కనబడదు.

గారను తొలగించుట వేఱు, పట్టకుండ చేయుట వేఱు. తొలగించుటకు ఉలి, సుత్తి, ఆమ్లము చాలును. పట్టకుండ చేయుటకు మనుష్యులు పడిన పాట్లు విన్నచో నవ్వు వచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు బాయిలరు పనివారు నీటిలో బంగాళాదుంపలు వేసెడివారు. కొందఱు ఓకు చెట్టు బెరడును, కొందఱు మొలాసిసును వేసెడివారు. చదువుకొన్న ఇంజనీర్లు దీనిని మూఢనమ్మకమని తీసివేసినను, అందు సత్యము లేకపోలేదు. దుంపలోని గంజి, బెరడులోని టానిను సున్నపు రేణువులను చుట్టుకొని, అవి గోడకు గట్టిగా అంటుకొనక మెత్తని బురదగా అడుగునకు దిగునట్లు చేయును. ఆ బురదను కవాటము తెఱచి వదలివేయవచ్చును. టానిను మన కరక్కాయలోను, తుమ్మచెక్కలోను సమృద్ధిగా నున్న పదార్థమే.

ఇచట ఒక పొరపాటు తలంపును తొలగించుట మంచిది. పల్లెలలో చిల్లగింజను కుండ లోపల అరగదీసి బురదనీటిని తేర్చుకొనెడి అలవాటు కలదు. అది గొప్ప ఉపాయమే. కాని అది నీటిలో తేలు మట్టిని దింపునేగాని, కరగియున్న సున్నమును తీయదు. తేట వేఱు, కాఠిన్యము వేఱు. స్ఫటికమువలె తేటగా నున్న నీరే బాయిలరునకు పరమశత్రువు కావచ్చును.

టానినునకు శాస్త్రగౌరవము కలిగించినవారిలో ఫ్రెంచి ఇంజనీరు లూయీ ఆర్మాన్ ముఖ్యుడు. ఆవిరి రైలింజనుల నీటిలో సోడాను, టానినును తగుపాళ్ళలో కలుపు విధానమును అతడు ఏర్పఱచెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనులకు వ్యతిరేకముగా రైల్వే ఉద్యోగుల రహస్యోద్యమమును నడపి, 1944లో చెఱసాలకు పోయినవాడును అతడే. తరువాత ఫ్రెంచి రైల్వేలకు అధిపతియై, 1963లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యెను. ప్రభుత్వోద్యోగి యొకడు బాయిలరు గారతో మొదలుపెట్టి సాహిత్య పీఠమునెక్కిన ఉదంతము, ఇట్టి సంఘముల సభ్యులకు కొంత ఉత్సాహము కలిగింపవలెను.

ఇక అసలు విషయము. 1936లో లుడ్విగ్ రోజెన్‌స్టైన్ అను అమెరికను రసాయనజ్ఞుడు ఒక వింతను పేటెంటు చేసెను. నీటిలోని కాల్షియము నంతటిని కట్టివేయుటకు కావలసిన మందులో అత్యల్పభాగము, అనగా లీటరుకు కొలది మిల్లీగ్రాముల పాలీఫాస్ఫేటు, కలిపినను గార పట్టుట ఆగిపోవుచున్నది. మూడువందల మిల్లీగ్రాముల సున్నమును మూడు మిల్లీగ్రాముల మందు ఎట్లు అడ్డుకొనగలదు? సమాధానము మన వంటయింటిలోనే కలదు. మిఠాయి పాకము పట్టునప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసము పిండినచో పాకము పలుకులు కట్టదు. నిమ్మరసము చక్కెరనంతను మాయము చేయలేదు. కొంత చక్కెరను విడగొట్టి వేఱు రూపపు తీపి అణువులను పుట్టించినది. అవి పెరుగుచున్న స్ఫటికమున జొరబడి వరుసను చెడగొట్టును. మేస్త్రీ ఇటుకలను పేర్చుచుండగా పైవరుసలో ఒకచోట గుమ్మడికాయను పెట్టినచో ఆపై వరుస సాగదు. గుమ్మడికాయలు వేయి అక్కఱలేదు. సరియైన చోట ఒకటి చాలును. స్ఫటికము మొలకగా నున్నప్పుడే దాని పెరిగెడు అంచులను మూసివేయు ఈ గుణమే గారమందుల రహస్యము.

ఇది కనుగొన్న తరువాత కష్టములు తీరిపోవలెను. కాని క్రొత్త కష్టములు బయలుదేరినవి. పాలీఫాస్ఫేటు వేడినీటిలో కొంతకాలమునకు తెగి మామూలు ఫాస్ఫేటగును. అది కాల్షియముతో కూడి తానే గార యగును! పండ్ల గార వంటిది. ఇది కాక, వదలివేసిన నీటితో చెఱువులలోనికి పోయి అచట నాచునకు ఎరువగును. భాస్వరము నిజముగా అంత పని చేయునా యను వివాదము చాలకాలము నడచినది. 1973లో కెనడా శాస్త్రజ్ఞులు ఒక చిన్న సరస్సును మధ్యకు తెరకట్టి రెండుగా విభజించిరి. ఒక భాగమున కర్బనము, నత్రజని కలిపిరి. రెండవదానిలో వానితోపాటు భాస్వరమును కలిపిరి. భాస్వరము కలిసిన భాగము పచ్చని నాచుతో నిండిపోయెను. రెండవ భాగము తేటగానే నిలిచెను. విమానమునుండి తీసిన ఆ సరస్సు చిత్రము వాదములకన్న ఎక్కువ పని చేసినది.

కొన్ని కర్మాగారములు వేఱు దారి పట్టినవి. నీటిలో గంధకామ్లము పోసినచో బైకార్బొనేటు నశించును, గార పట్టదు. కాని పులిసిన నీరు ఇనుమును తినివేయును. ఆ తినుటను ఆపుటకు క్రోమేటు కలిపిరి. క్రోమేటు పసుపుపచ్చని విషము. ఆ రూపమున క్రోమియము పుట్టకురుపును కలిగించును. కాలిఫోర్నియాలోని హింక్లీ యను చిన్న ఊరిలో 1952 మొదలు 1966 వఱకు కూలింగ్ టవర్ల క్రోమేటు నీరు కట్టుదిట్టము లేని గుంటలలోనికి వదలబడి, భూగర్భజలమున కలిసినది. ముప్పది యేండ్ల తరువాత, 1996లో, గ్రామస్థులకు 33 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారము ఒడంబడికపై లభించినది. అమెరికాలో భవనముల చల్లదనమునకై వాడు టవర్లలో క్రోమేటును 1990లోను, కర్మాగారపు టవర్లలో 1994లోను నిషేధించిరి. ఒక కీడును మాన్పుటకు రెండవ కీడు, దానిని మాన్పుటకు మూడవది: ఈలుక పొలమున చొచ్చినదని కొంప తగులబెట్టినట్లైనది.

క్రోమేటు పోయిన స్థానమున ఫాస్ఫోనేట్లును, పాలీఅక్రిలేట్లును వచ్చినవి. ఇవి చాల సమర్థమైనవి. ఆమ్లము లేకయే పనిచేయును, విషగుణము స్వల్పము. ఇప్పటికిని ప్రపంచమున పెక్కు టవర్లు వీనితోనే నడచుచున్నవి. లోపమేమన, ఫాస్ఫోనేటులో మరల భాస్వరమే కలదు. పాలీఅక్రిలేటును నేలలోని సూక్ష్మజీవులు సులభముగా జీర్ణించుకొనజాలవు. అది బురదతోపాటు ఎచటికి పోయిన అచటనే పడియుండును.

ఇంతకును నీటిని ఏల వదలవలెను, మందు లేకుండ గడుపరాదా యను ప్రశ్న రావచ్చును. లెక్క చూచిన తెలియును. కూలింగ్ టవరులో వేడినీటిని పైనుండి జల్లించి, కొంత ఆవిరిగా పోనిచ్చి, మిగిలినదానిని చల్లబఱతురు. ఆవిరియైనది శుద్ధజలము, సున్నము వెనుకనే మిగులును. పాలు మరిగి చిక్కబడినట్లు నీరు చిక్కబడుచుండును. గంటకు 100 ఘనమీటర్ల నీరు ఆవిరియగు టవరును తీసికొందము. నీటిని రెండింతలు చిక్కబడనిచ్చి వదలివేసినచో గంటకు 200 ఘనమీటర్ల క్రొత్తనీరు కావలెను. అందు 100 మురుగుగా పోవును. ఐదింతలు చిక్కబడనిచ్చినచో 125 చాలును. మురుగు 25 మాత్రమే. ఒక్క టవరుమీద గంటకు 75 ఘనమీటర్ల నీరు మిగులును. కాని ఈ రెండవ పద్ధతిలో, లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యము గల నీటిని వాడినచో, దినమునకు 900 కిలోల సున్నపురాయి ఆ టవరులోనికి చేరుచుండును. అది గొట్టములకు అంటుకొనక, ఐదింతలు చిక్కనైన ఆ కొద్ది నీటిలోనే కరగియుండి బయటికి పోవలెను. మందు లేనిదే అది జరుగదు. కావున నీటి పొదుపును, గార మందును వేఱుచేయుట సాధ్యము కాదు.

ఇది మన దేశమున ఊహావిషయము కాదు. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములు ఒక్కొక్క యూనిటు విద్యుత్తునకు ఎంత నీటిని మించి వాడరాదో పర్యావరణ మంత్రిత్వశాఖ 2015 డిసెంబరులో నిర్ణయించినది. టవర్లు గల పాత కేంద్రములకు మెగావాటు గంటకు 3.5 ఘనమీటర్లు పరిమితి. 2017 జనవరి తరువాత వెలసిన కేంద్రములకు 2018 సవరణచే అది 3 అయినది. ఐదువందల మెగావాట్ల యూనిటు పూర్తిబలముతో నడచినచో 3.5 లెక్కన గంటకు 17 లక్షల 50 వేల లీటర్లు. రామగుండము గోదావరి నీటిపైనను, విజయవాడ కృష్ణ నీటిపైనను ఆధారపడిన కేంద్రములు. ఆ నదులలో వేసవియందు రైతునకును, పట్టణమునకును, టవరునకును నడుమ నీటి తగవు ఎట్లుండునో తెలుగువారికి చెప్పనక్కఱలేదు. ప్రభుత్వము నీటిని తగ్గింపుమనుచున్నది. వదలు నీటిలో భాస్వరము లీటరుకు 5 మిల్లీగ్రాములు మించరాదనియు నియమము కలదు. నీరు చిక్కబడినకొలది అందలి మందును చిక్కబడును. రెండు నియమముల నడుమ ఇంజనీరు అడకత్తెరలోని పోకచెక్క వంటివాడు.

ఈ ఇరుకునుండి బయటపడు దారిని చూపినది ఆలుచిప్ప. సముద్రపు ఆలుచిప్పయు కాల్షియము కార్బొనేటే. అనగా కర్మాగారములను పీడించు గారయే. కాని ఆ జీవి తన యిష్టము వచ్చినచోట మాత్రమే గారను పెరగనిచ్చి, అక్కఱలేనిచోట ఆపుచున్నది. లేనిచో చుట్టును సున్నముతో నిండిన సముద్రజలములో అది తనలో తానే రాయియై పోవలసినది. 1981లో వీలరు అను అమెరికను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును ఆలుచిప్పనుండి నీటిలో కరగు మాంసకృత్తును విడదీసి పరీక్షించిరి. అది కాల్షియము కార్బొనేటు స్ఫటికముల పుట్టుకను, పెరుగుదలను అడ్డుకొనుచున్నట్లు కనుగొనిరి. చిప్పను కట్టువాని సంచిలోనే కట్టడమును ఆపు మందు దొరకినది! అట్టి మాంసకృత్తులలో ఆస్పార్టికామ్లము విశేషముగా నుండును. అది అపూర్వమైన వస్తువు కాదు. మనము తిను పప్పుధాన్యముల మాంసకృత్తులందును ఉండునదే.

ఆలుచిప్పలను దంచి టవర్లకు మందు చేయుట జరుగని పని. దానికి ప్రతిరూపమును కర్మాగారమున చేయవలెను. ఆస్పార్టికామ్లమును పొడిగా వేడిచేసినచో అణువులు ఒకదానినొకటి పట్టుకొని గొలుసగును. పుట్టు వ్యర్థము నీరు మాత్రమే. ఆ గొలుసును క్షారముతో కరగించినచో పాలీఆస్పార్టేటు సిద్ధమగును. ఈ విధానమును వ్యాపారస్థాయికి తెచ్చిన డోన్లారు అను చిన్న అమెరికను సంస్థకు 1996లో, హరిత రసాయనశాస్త్రమునకై అధ్యక్షుని పేర ఏర్పడిన బహుమానములు మొదటిసారి యిచ్చిన యేడు, చిన్న పరిశ్రమల విభాగమున బహుమానము లభించినది. బహుమానముతో బజారు రాలేదు. 2004లో ఆ సంస్థ ఆస్తులు వేఱొక సంస్థ చేతికి పోయినవి. మందు మాత్రము నిలిచినది. టవర్లలోను, నూనెబావులలోను, పొలములలోను దాని వాడుక సాగుచున్నది.

‘పర్యావరణమునకు హితమైనది’ యను మాట ఇప్పుడు ప్రతి డబ్బాపైనను కనబడుచున్నది. పచ్చని ఆకు బొమ్మ వేయుటకు ఖర్చు లేదు. దీనికొక కొలత కలదు. మందును సూక్ష్మజీవులు గల నీటిలో కలిపి 28 దినములుంచి, అవి ఆ మందును తిని పీల్చిన ప్రాణవాయువును కొలుతురు. సంపూర్ణముగా జీర్ణమైనచో ఎంత పీల్చవలెనో అందులో నూటికి 60 వంతులు చేరినదే సులభముగా జీర్ణమగు పదార్థమని అంతర్జాతీయ నియమము. ఆ పరీక్షలో సైతము అది మొదలుపెట్టిన పది దినములలో ఆ మెట్టు చేరవలెను. సరిగా తయారైన పాలీఆస్పార్టేటు ఇందు మంచి మార్కులు తెచ్చుకొనును. తయారీ విధానము మారినచో గొలుసు ఆకృతి మారి, మార్కులును మారును. ఒకే పేరుగల రెండు డబ్బాలు ఒకటి కాకపోవచ్చును.

దీనికి తోబుట్టువులు కలవు. పాలీఎపాక్సీసక్సినికామ్లములో భాస్వరమును లేదు, నత్రజనియు లేదు. చికోరీ వేరులోని ఇనులిను అను పిండిపదార్థమునుండి చేసిన మందును యూరపులో వాడుచున్నారు. ఆ వేరును మనవారు కాఫీపొడిలో కలిపి త్రాగుదురు. ఆకుల కషాయములతో గారను ఆపవచ్చునని ప్రయోగశాలలనుండి వ్యాసములు విరివిగా వెలువడుచున్నవి. గాజుపాత్రలో ఆగిన గార గొట్టములో ఆగునో లేదో, టన్నుల కషాయము ఏడాది పొడుగున ఒకే గుణముతో దొరకునో లేదో ఆ వ్యాసములు అరుదుగా చెప్పును. వానిపై టెండరు పిలుచుటకు తొందరపడనక్కఱలేదు.

చిక్కు ఇంకొకటి కలదు, అదియే అన్నిటికన్న ఆసక్తికరమైనది. సూక్ష్మజీవులు తినగల మందు కావలెనని కోరుచున్నాము. టవరులోని గోరువెచ్చని నీరు సూక్ష్మజీవులకు అత్తవారిల్లు. నదిలో తినవలసిన మందును అవి టవరులోనే తినివేసినచో గార పట్టును. పైగా తిండి దొరకిన జీవులు జిగురుగా పేరుకొని గొట్టములను కప్పును. వానిని చంపుటకు క్లోరిను కలుపుదురు. క్లోరిను పాలీఆస్పార్టేటునుకూడ కొంత దెబ్బతీయును. టవరులోపల కొన్ని దినములు బ్రదికి, బయటికి పోయిన తరువాత కొన్ని వారములలో నశింపవలెనను కోరిక సామాన్యమైనది కాదు. మందు వేయు మోతాదును, క్లోరిను వేయు వేళను, నీటి చిక్కదనమును కలిపి చూచుకొను శ్రద్ధగల ఇంజనీరు చేతిలో ఈ మందులు చక్కగా పనిచేయును. వారమునకొకసారి డబ్బా కుమ్మరించు చోట పాత ఫాస్ఫోనేటే మేలు. అది అశ్రద్ధను ఎక్కువగా సహించును. వేడిమి చాల హెచ్చైన బాయిలర్లలో ఈ క్రొత్త మందులకు చోటు లేదు. అచట నీటినుండి సున్నమును ముందే తీసివేయుట తప్పదు.

ధరను గూర్చి ఒక మాట. కిలో ధరను చూచి కొన్నంతకాలము హరితమైన మందు టెండరులో గెలువదు. ఫైలుపై కిలో ధర కనబడును; మురుగునీటిని శుద్ధిచేయు ఖర్చు వేఱొక ఫైలులోను, ఎక్కువ కాలిన బొగ్గు మఱియొక ఫైలులోను ఉండును; చెఱువులోని నాచునకు ఫైలే లేదు. వేయి ఘనమీటర్ల నీటిని గార పట్టకుండ తిప్పుటకును, వదలుటకును కలిపి అగు ఖర్చును అడిగినచో వరుస మారవచ్చును, మారకపోవచ్చును. అడుగుట మాత్రము న్యాయము. దీనికై విద్యుత్కేంద్రము వఱకు పోనక్కఱలేదు. ఎయిరుకండిషను గల పెద్ద కార్యాలయ భవనములలో అనేకములకు కప్పుమీద టవరు కలదు. దాని నీటిలో ఏమి కలుపుచున్నారో, ఆ నీరు ఏ కాలువలోనికి పోవుచున్నదో కేర్‌టేకరును అడిగి తెలిసికొనుట ఏ ఉద్యోగికైనను సాధ్యము.

సముద్రజలమును మంచినీరుగా మార్చు కేంద్రములలోను ఇదే సమస్య. మద్రాసు నగరమునకు 2010లో మీంజూరునను, 2013లో నెమ్మెలిలోను, ఒక్కొక్కటి దినమునకు పదికోట్ల లీటర్ల సామర్థ్యముతో కేంద్రములు వెలసినవి. అట్టి కేంద్రములలో నీటిని పలుచని పొరలగుండ నెట్టుదురు. పొరలకు ఇవతల మిగిలిన చిక్కని ఉప్పునీరు, గార మందుతో సహా, సముద్రమునకే తిరిగి పోవును. గారను ఆపు విద్యను ఆలుచిప్పలు చూపిన సముద్రమది; దానిలోనికి పోవు మందు వానికి జీర్ణమగునది కావలెనని కోరుట అధికము కాదు.

స్త్రీలు గృహసంబంధమైన ప్రశ్న నొకటి తప్పక అడుగుదురు: ఇంటి గీజరు మాటేమి? త్రాగునీటిలో కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపున నుండుట మేలనియు, వేఱు నీరు లేనిచో 600 వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. గొట్టపుబావి నీరు పెక్కుచోట్ల మొదటి మెట్టును దాటియేయుండును. ఇంటి గీజరునకు మందులు వేయరాదు. ఆ నీటితో స్నానము చేయుదుము, ఒక్కొక్కప్పుడు వంటకును పట్టుదుము. వేడిమిని తగ్గించి పెట్టుకొన్నచో గార సగపాలు పట్టదు. ఏడాదికొకసారి విప్పించి కడిగించిన చాలును. కెటిలులోను, ఇడ్లీపాత్ర అడుగునను పట్టినదానికి చింతపండు పులుసో, నిమ్మరసమో పోసి కొంతసేపు కాచినచో బుసబుస పొంగి వదలును. ఆ పొంగు సున్నపురాయిలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోవుటయే. కర్మాగారములలోను నిమ్మ పులుపుతోనే గొట్టములను కడుగుట కలదు. బుసబుస పొంగలేదనుకొనుడు, అది కార్బొనేటు కాదు, జిప్సము కావచ్చును; దానికి చింతపండు ఎంత పోసినను వృథా. గుల్లగా నున్నచో కొయ్యగరిటెతో మెల్లగా గీకి తీయవలెను. ఇనుప తీగతో రుద్దినచో గీతలు పడి, ఆ గీతలలోనే మఱుసటి గార మొదలుపెట్టును.